కోతకొచ్చిన ఇల్లు

మా ముత్తాత నాలుగు ఊళ్ళకు శిస్తు వసూలు చూసే మాలీ పటేలు. తాత పోలీస్ పటేలు. మేడ్చల్ స్టేషన్‌లో రైలు తాత కోసం ఆగేదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అది మేడ్చల్‌లో అందరి కోసమూ ఆగుతుందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నాయిన దేనికీ పటేలు కాదు, ఎందుకంటే ఆయన కాలానికి ఆ పదవులే రద్దయ్యాయి. అయినా జనం "పటేలా" అనడం మానలేదు గనక, నాయిన ఆ పిలుపునే ఆస్తిగా లెక్కేసుకుని బతికాడు. భూమి సీలింగులో కొంత పోయింది, పెళ్ళిళ్ళకు కొంత పోయింది, కోర్టులకు నాయిన వాటాలో మిగతాదంతా పోయింది. మా తలలు మాత్రం వంగలేదు. నా నడుము ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. కుర్చీలో వెనక్కి వాలడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు.

తాత పోయాక నాయినా, చిన్నాయినా వేరుపడ్డారు. ఇంటి నడిమి వాకిట్లో గోడ లేచింది. శామీర్‌పేట తొవ్వకు, అంటే రోడ్డుకు, ఆనుకున్న సగం మాది, వెనక సగమూ దాని వెనకున్న మెట్ట చెలకా చిన్నాయినవి. మా సగాన్ని నాయిన అమ్మ పేరు మీద రాయించాడు, తన పేరు మీదుంటే అది కూడా కోర్టుకే పోతుందని. మా వంటిల్లు ఆ గోడకు ఆనుకునే ఉండేది. అమ్మకు ఆ గోడంటే పాణం. నాకైతే అది కంట్లో నలుసు. నాలుగు ఊళ్ళను ఏలిన ఇంటికి నడుమ ఒక గోడ, దాని మీద కాకులు. ఒకసారి ఆ మాటే అమ్మతో అన్నాను.

అమ్మ పిండి కలుపుతూనే జవాబిచ్చింది. "పొత్తుల ఉన్నప్పుడు ఇంటెడు మందికి నేనే వండిన. అందరు తిన్నంక, గిన్నెల ఏమన్న మిగిల్తె నేను తిన్న. గీ గోడ లేసినంకనే బిడ్డా, ఆకలైన యాల్లకు నేను అన్నం తిన్నది."

వంశ ప్రతిష్ఠ గురించి నేను విన్న కథల్లో వండినవాళ్ళు ఎప్పుడు తిన్నారన్నది ఎక్కడా లేదు.

తొంభైల చివర్లో, నాయిన పోయాక, జంతుశాస్త్రం చదివిన పాపానికి, శామీర్‌పేట దగ్గర పశువుల టీకాలు తయారు చేసే ఒక కంపెనీ ల్యాబులో చేరాను. మా వంశంలో ఒకరి కింద జీతానికి చేరిన మొదటి మనిషిని నేనే. కంపెనీ కట్టింది ఒకప్పుడు మా తాతది అయిన బంజరు మీద. అందుకని చిన్నాయిన ఊళ్ళో నా ఉద్యోగాన్ని ఉద్యోగమని చెప్పేవాడు కాదు. "మనోడు ఆడ నిగరాని చూస్తుండు" అనేవాడు. ఆ నిగరాని, అంటే అజమాయిషీ, చూసే మనిషి రోజూ గేటు దగ్గర టిఫిన్ డబ్బా మూత తీసి చూపించాలి. కాపలాదారు తండ్రి మా తాత దగ్గర పని చేసినవాడు. కాపలాదారు లేచి నిలబడి "దండం పటేలా" అనేవాడు, ఆ వెంటనే డబ్బాలో ఏముందో వంగి చూసేవాడు. రెండూ తన డ్యూటీలోవే అన్నట్టు చేసేవాడు. ఆయన మర్యాదలోనూ తనిఖీలోనూ నాకు ఒక్కనాడూ లోపం కనబడలేదు.

మా పని మేకలకూ గొర్రెలకూ వచ్చే పారుడు రోగానికి టీకా తయారు చేయడం. ఆ రోగం తగిలిన మేకకు ముక్కు కారుతుంది, నోట్లో పుండ్లు లేస్తాయి, పారుడు పట్టుకుంటుంది, మంద మందే పడిపోతుంది. దాని వైరస్ పిల్లలకు తట్టు పోసే వైరస్‌కు దగ్గరి చుట్టం. బలం తగ్గించిన వైరస్‌ను సీసాల్లో పెంచి టీకాగా చేస్తారు. వైరస్ తనంతట తాను పెరగదు, దానికి బతికున్న కణాలు కావాలి. అందుకని ముందు సీసా అడుగున కోతి మూత్రపిండం నుంచి తెచ్చిన కణాలను, గులాబీ రంగు నీళ్ళలో పెంచేవాళ్ళం.

ఆ కణాలంటే నాకు గౌరవం ఉండేది. సీసా అడుగున ఒక్క వరసలో, బండలు పరిచినట్టు సర్దుకునేవి. ఏ కణం చుట్టూ దాని పొర దానిది. పక్కదాన్ని ఆనుకుంటుంది గాని లోపలికి పోదు. నడుమ ఒక చుక్కలాంటి కేంద్రకం, ఇంటికొక పెద్ద అన్నట్టు. మా వాడలో కూడా ఇంత పద్ధతిగా ఎవరూ ఉండలేదు.

అప్పుడు మేం వైరస్‌ను వదిలేవాళ్ళం. దాని ఒంటి మీద రెండు రకాల ముళ్ళుంటాయి. మొదటి రకం కణం పొరను వెతికి పట్టుకుంటుంది. రెండో రకం, అలా పట్టు దొరికాక, తన పొరనూ కణం పొరనూ దగ్గరికి గుంజి, రెండింటినీ ఒకటిగా కలిపేస్తుంది. నీళ్ళ మీద రెండు నూనె చుక్కలు కలిసినట్టు. ఆ సందులోంచి వైరస్ సరుకు లోపలికి పోతుంది. ఇంతవరకు దొంగ కథే. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. లోపలికి పోయిన వైరస్ ఆ కణం చేతనే తన ముళ్ళను చేయిస్తుంది. ఆ ముళ్ళు కణం బయటి పొర మీద మొలుస్తాయి. ఇక ఆ కణమే పక్క కణాన్ని పట్టుకుని గుంజుతుంది. నడిమి పొర పోతుంది, రెండు కణాలు ఒకటవుతాయి. ఆ ఒకటి మూడోదాన్ని గుంజుతుంది. చూస్తుండగానే ఒక పెద్ద ముద్ద తయారవుతుంది, ఒకే పొర లోపల బోలెడు కేంద్రకాలు. వైరస్‌కు ఇందులో లాభం ఏమిటంటే, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి పోవడానికి వీధిలోకి రానక్కర్లేదు. ఒంట్లో కాపలా కాసే రక్షక పదార్థాలు వీధిలో కాస్తుంటాయి, ఇది లోపల లోపలే నడిచిపోతుంది.

ఆ ముద్ద ఎక్కువ కాలం బతకదు. ఒకటి రెండు రోజులు ఉబ్బి, సీసా అడుగు నుంచి ఊడి, తేలిపోతుంది.

మా పెద్దసారు పొద్దున రాగానే అడిగే మొదటి ప్రశ్న, "ఎంతవరకు కలిశాయి?"

"చాలావరకు కలిసినయి సార్."

"అయితే కోతకు పెట్టండి."

కోత అంటే సీసాలను గడ్డకట్టించి, కరిగించి, కణాలను పగలగొట్టి వైరస్‌ను తీసుకోవడం. ఆ టీకా మంచిది, మా చుట్టుపక్కల మందలు దాని వల్లే నిలబడ్డాయి. కణాల తరఫున మాట్లాడేవాళ్ళు మాత్రం ఆ గదిలో ఎవరూ లేరు.

దసరాకు మా ల్యాబులో ఆయుధపూజ చేసేవాళ్ళు. మైక్రోస్కోపుకు పసుపూ కుంకుమా, ఇంక్యుబేటరుకు బంతిపూల దండ, ఫ్రీజరు ముందు నిమ్మకాయలు. ఆ ఒక్కరోజు ఇంటివాళ్ళను బయటి గది వరకు రానిచ్చేవాళ్ళు. చూడ్డానికి రంగులు వేసి ఆరబెట్టిన స్లైడు ఒకటి పెట్టేవాళ్ళం. అందులో బతికున్నది ఏదీ ఉండదు. ఒక ఏడాది చిన్నాయిన వచ్చాడు, ఇస్త్రీ ధోతీలో, తన బంజరు తాను చూసుకోవడానికి వచ్చినట్టు. స్లైడు మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"ఏంది కొడుకా, గిది గింత పెద్దగున్నది?"

"అది ఒక్కటి కాదు చిన్నాయినా. పక్కపక్కన ఉన్న కణాలు. నడుమ గోడలు పోయి ఒక్కటైనయి."

"గా నీలం చుక్కలు?"

"ఒక్కొక్కటి ఒక్కో ఇంటి పెద్ద అనుకో."

"ఓర్నీ! అందరు ఒక్కటే ఇంట్ల, పెండ్లి బంతిల కూసున్నట్టు కూసున్నరు గదరా." ఆయన తలెత్తాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "ఇట్లయితె మంచిదేనా?"

"మాకు మంచిదే. ఇట్లయిందంటె కోతకొచ్చినట్టు."

కోత అనే మాట వ్యవసాయం చేసిన ఇంటి చెవిన ఇంకెలా పడుతుంది? చిన్నాయిన ముఖం వరి పండిన మడిలా వెలిగింది. ఇంతలో ప్రసాదం పంచుతున్నారని పిలుపొచ్చింది. పులిహోర వాసన తగిలాక సైన్సు నిలబడదు. కణాలకు మంచిదేనా అని ఆయన అడగలేదు. పెద్దలు అడగనిది చెప్పడం మా ఇంటి పద్ధతి కాదు.

అవి రింగురోడ్డు వస్తుందని మాటలు మొదలైన రోజులు. నిన్నటిదాకా మేడ్చల్‌లో స్టీలు సామాన్లు అమ్మిన ఒకాయన దుకాణం మూసి, తెల్ల బట్టలు తొడిగి, భూముల బేరగాడయ్యాడు. అతని చేతిలో రెండు సరుకులుండేవి. ఒకటి వరస కలపడం. రెండోది మిఠాయి డబ్బా. ముందు మా గుమ్మంలోకి వచ్చాడు.

"పెద్దమ్మా, బాగున్నవా?"

"ఎవరు బిడ్డా నువ్వు? నేను నీకు పెద్దమ్మనెట్లయిత?" అంది అమ్మ.

"మా మేనత్త ఆడిబిడ్డను ఇచ్చింది మీ అవ్వగారింటి ఊర్లనే గద. గట్ల లెక్క వెడితె నువ్వు నాకు పెద్దమ్మవే."

"గట్ల లెక్క వెడితె మేడ్చల్ బస్సుల కూసున్నోళ్ళందరికి నేను పెద్దమ్మనే," అని అమ్మ డబ్బా తీసుకోకుండానే లోపలికి పోయింది.

అతనికి కొనే ఆసామి ఒకాయన దొరికాడు. ఆసామికి మా ఇల్లూ, చిన్నాయిన ఇల్లూ, వెనక చెలకా అన్నీ కలిపి ఒకే బిట్టుగా కావాలి. ముక్కలైతే వద్దు. తొవ్వ మా వైపు ఉంది గనక అమ్మ సంతకం లేనిది పని కాదు. అమ్మ గుమ్మంలో పట్టు దొరకని బేరగాడు చిన్నాయిన గుమ్మంలో "కాకా" అన్నాడు. అక్కడ దొరికింది. ఆ రోజు నుంచి అతను మా ఇంటికి రావలసిన అవసరమే లేకపోయింది. మాట్లాడే పనంతా చిన్నాయినే చేశాడు.

సంతకాలన్నీ ఒక్కచోట ఉండాలని ఆయన తన ముగ్గురు కొడుకులనూ పిలిపించాడు. ఒకడు మేడ్చల్‌లో, ఒకడు కండ్లకోయలో, ఒకడు అలియాబాద్‌లో ఎవడి కుంపటి వాడు పెట్టుకుని, ఒకరి పేరెత్తితే ఒకరు ఉమ్మేసేవాళ్ళు. అలాంటివాళ్ళు పెళ్ళాంపిల్లలతో, మంచాలతో, ఒకడైతే గ్యాసు బండతో సహా వచ్చి ఒకే కప్పు కింద దిగారు. ఏళ్ళ తరబడి ఒకరి కంచం ఒకరు తాకనివాళ్ళు ఇప్పుడు ఒకరి కంచంలో ఒకరు కూర వేసుకుంటున్నారు. ఊరంతా చూసి మురిసింది. చిన్నాయిన అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ప్రతివాడికీ చెప్పాడు.

"మా అన్న కొడుకు సైంటిస్టు. మిషిన్ల నాకు సూపెట్టిండు. గోడలు తీసేసి కలిస్తెనే పంట కోతకొస్తది. సైన్సు గూడ గదే చెప్తాంది."

ఆ మాట మా గోడ దాటి వంటింట్లో పడింది. ఆ సాయంత్రం నేను డ్యూటీ నుంచి రాగానే అమ్మ పొయ్యి ముందు నన్ను కూచోబెట్టింది.

"మీ చిన్నాయిన చెప్పేది నిజమేనా?"

"కలుస్తయి. అది నిజమే."

"ఎందుకు కలుస్తయి?"

"రోగం తగిలి."

అమ్మ నా ముఖంలోకి చూసింది. "కలిసినంక లోపట ఉన్నోళ్ళు ఏమైతరు?"

"సస్తరు."

"మరి పంట ఎవరికి?"

"ఏ పంటమ్మా?"

"గదే, మీ చిన్నాయిన చెప్పిన పంట ఎవరికి?"

"కోసుకునేటోళ్ళకు."

అమ్మ పెనం మీది రొట్టె తిప్పి, "నువ్వు మస్తు సదువుకున్నవ్ బిడ్డా," అంది. అది మెచ్చుకోలో కాదో నేను అడగలేదు.

ఆషాఢం వచ్చింది. మా ఊళ్ళో ఎవరిల్లు ఎన్ని భాగాలైందో తెలుసుకోవడానికి తహశీలు ఆఫీసుకు పోనక్కర్లేదు. మైసమ్మ ముందు ఎన్ని బోనాలు దిగాయో చూస్తే చాలు. వేరు పొయ్యి పెట్టిన ఇల్లు వేరు బోనం తీయాలి, పొయ్యి ఒకటైతే బోనం ఒకటి. గోడ లేచిన ఏటి నుంచి మావి రెండు బోనాలు. కొనే ఆసామి ఊరి సంగతులు తెలిసినవాడు. ఇల్లు నిజంగా ఒక్కటైందో లేదో కాగితాల కంటే ముందు బోనాల్లో చూస్తానన్నాడట.

చిన్నాయిన అమ్మ దగ్గరికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వదినె, ఈ యాడాది ఒక్కటే బోనం తీద్దం. మా పొయ్యి మీదనే వండుదురు. నీ పొయ్యి ముట్టియ్యకు. నువ్వే ఎత్తుకో, పెద్దదానివి."

"ఎత్తుకునేది నేను, పొయ్యి నీది," అంది అమ్మ.

"నీది నాది ఏంది వదినె ఇంక? నడిమి గోడకు జర తొవ్వ తీపిస్త. ఆడోళ్ళు అటిటు తిరగాలె గద, పండుగ పూట."

పండుగ పూట అన్నాక అమ్మ కాదనలేదు. మనిషి పట్టేంత సందు గోడకు పడింది. ఇటుకలు జాగ్రత్తగా ఒక పక్క పేర్చారు, మళ్ళీ పెట్టేవాళ్ళలా. చిన్నాయిన కోడళ్ళు ఆ సందులోంచి వచ్చి మా ఉప్పు తీసుకుపోయారు, మా చాట తీసుకుపోయారు. వాళ్ళ కోళ్ళు కూడా వచ్చాయి.

బోనాలకు ముందు రోజు మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అన్నం తింటోంది, ఆకలైంది గనక. తలెత్తి చూస్తే ఎదురుగా బేరగాడు నిలబడి ఉన్నాడు. వీధి తలుపు గడియ వేసే ఉంది.

"ఎటు నుంచి వచ్చినవ్?" అంది అమ్మ, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

"లోపటి నుంచే పెద్దమ్మా. ఇగ మనకు మనకు వీధులెందుకు?" అని నవ్వి, మిఠాయి డబ్బా పొయ్యి గట్టు మీద పెట్టాడు. "రేపు నువ్వు జర ఊ అంటె, ఎల్లుండికల్ల అయిపోతది."

వీధిలోకి రానక్కర్లేదు, లోపల లోపలే నడిచిపోతుంది. నేను ఏళ్ళుగా ల్యాబులో కొత్తవాళ్ళకు చెప్పిన మాటే. అది తెల్ల చొక్కా తొడుక్కుని మా పొయ్యి ముందు నిలబడటం మాత్రం అప్పుడే చూశాను. నేను లేచి, వెన్ను నిటారుగా పెట్టి, మా తాత గొంతుతో "బయటికి నడువ్" అన్నాను. అతను వచ్చిన సందు వైపే తిరిగాడు.

"అటు కాదు," అంది అమ్మ. ఎంగిలి చేత్తోనే వీధి తలుపు చూపించింది. "ఇటు. నలుగురు సూసేటట్టు పో."

అతను పోయాక అమ్మ కంచం ముగించింది. చేయి కడుక్కుని, కొత్త కుండకు సున్నం బొట్లు పెట్టడం మొదలుపెట్టింది.

మరునాడు చిన్నాయిన పొయ్యి మీద ముగ్గురు కోడళ్ళు కలిసి పరమాన్నం వండారు. అలవాటు లేక ఎవరికి వారు బెల్లం వేశారట. మా పొయ్యి కూడా ముట్టింది. డప్పు మోగగానే అమ్మ తన కుండ మీద దివ్వె పెట్టుకుని, గోడ సందు వైపు చూడకుండా, తన వీధి తలుపు తీసి, తన గడప దాటి బయటికి నడిచింది. చిన్నాయిన ఎదురొచ్చాడు.

"వదినె, ఏం జేస్తున్నవ్? ఆసామి ఆడ నిలవడి ఉన్నడు! ఇజ్జత్ తీస్తున్నవ్!"

"జరుగు మరిదీ, దివ్వె ఆరుతది," అని అమ్మ ఆగకుండా పోయింది.

మైసమ్మ ముందు పటేలోళ్ళవి రెండు బోనాలు దిగాయి. ఆసామి పక్కనున్న ముసలామె ఆయన అడగకుండానే చెప్పింది. "పటేలోళ్ళవి ఇంకా రెండు పొయ్యిలే నాయినా." ఆసామి కాగితాలు చూడనే లేదు. ఒక్క బిట్టు బేరం అక్కడితో పోయింది. చిన్నాయిన వైపు ఇల్లూ, చెలకా మాత్రం ఇస్తామంటే తీసుకుంటానన్నాడు, తొవ్వ ఇంకో పక్క నుంచి చూసుకుంటానన్నాడు. అప్పటికే కలిసిపోయి ఉన్నారు గనక చిన్నాయినా కొడుకులూ ఒకే బల్ల ముందు, ఒకే కలంతో సంతకాలు పెట్టారు.

కోత అయిపోయింది. నెల తిరగకముందే మంచాలు ఒక్కొక్కటీ వేరు వేరు ట్రాలీల మీద బయటికి పోయాయి. గ్యాసు బండ ఎవరిదన్న దాని మీద పెద్ద కొడుకూ నడిపి కొడుకూ మేడ్చల్ పోలీస్ స్టేషన్ దాకా పోయారు. పోలీస్ పటేలు మనవళ్ళు ఆ స్టేషన్ మెట్లెక్కడం అదే మొదలు. చిన్నాయిన హైవే పక్కన ఒక మూడో అంతస్తులో అద్దెకు దిగాడు. ఇప్పుడు ఆ అన్నదమ్ముల మధ్య గోడ లేదు. గోడ ఉండాలంటే పక్కపక్కన ఉండాలి. ఇల్లు పడగొట్టిన చోట వెంచరు వేశారు, దానికి మా వంశం బిరుదు పెట్టి ఎన్‌క్లేవ్ అన్నారు. గేటుకు కాపలా కూడా పెట్టారు. ఆ కాపలాదారు నన్ను ఆపి ఎవరు కావాలని అడిగాడు.

గోడకు పడిన సందును అమ్మ పక్కన పేర్చిన ఆ ఇటుకలతోనే పూడ్పించింది. ఆ మీద కొన్నేళ్ళు తన పొయ్యి తానే ముట్టించింది. వెంచరు ప్రహరీ మూడు దిక్కులా లేచాక వంటింట్లోకి వెలుతురు తగ్గింది, పొగ పోయే దారి మూసుకుంది. ఒకనాడు తనే, "ఇగ సాలు బిడ్డా, గీ పొగ నాకొద్దు," అంది. అలియాబాద్‌లో వీధికి తలుపున్న రెండు గదుల ఇల్లు చూసి రమ్మని నన్ను పంపింది. మా సగం అమ్మే బేరం వీధి అరుగు మీద, నలుగురు చూస్తుండగా, తనే మాట్లాడింది. నన్ను పక్కన కూర్చోమంది గాని మాట కలపనివ్వలేదు.

మా వంశంలో ఒక ఆడమనిషి తన సంతకంతో అమ్మిన ఆస్తి అదొక్కటే: ఒక వంటిల్లు, దాని ముందు వాకిలి, వెనక గోడ.